ఇల్లమ్మి తాళపుచెవి దాచుకొను వర్తకము

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీ తన సాధారణ పోషణను చాలించినది. దాని తరువాతిదగు విండోస్ 11 కావలెనన్నచో యంత్రమున టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధన ముండవలెననియు, ఇంటెలు ప్రాసెసరైన యెడల అది సుమారు 2017 తరువాతి తరమునకు జెందినదై యుండవలెననియు ఆ కంపెనీవారి నిబంధన. తెర పగులలేదు, మీట యూడలేదు, మీట నొక్కిన వెంటనే యంత్రము మేల్కొనుచున్నది, అయినను దాని కాలము తీరినదని దూరదేశమునుండి తీర్పు వచ్చినది. ఇట్టి తీర్పుపడిన యంత్రములు మన పట్టణములందు ఎందరు గుమాస్తాల బల్లలపై, ఎన్ని పాఠశాలల మూలగదులలో నున్నవో పాఠకులే యెరుగుదురు.

మాబోటి స్వేచ్ఛా సాఫ్టువేరు కార్యకర్తలకు ఇది పండుగవలె గనబడినది. "లినక్సు వేయించుకొనుడు, ధర లేదు, దాపరికము లేదు, పాత యంత్రమునకు పునర్జన్మము కలుగును" అని వీధివీధిని చాటితిమి. చాటినది అబద్ధము కాదు. కాని అది సగము నిజము. రెండవ సగమును మేము చెప్పక దాటవేయుచు వచ్చితిమి. నేడు దానిని చెప్పదలచితిమి. చెప్పి, నేరము నెవరి తలమీద మోపవలయునో వారి తలమీదనే మోపదలచితిమి.

మా పట్టణపు పఠనాలయమున నిట్టి కంప్యూటరొకటి కలదు. ఒక ఆదివారమునాడు దానిపై లినక్సును స్థాపించితిమి. అరగంటలో పని ముగిసినది. తెలుగక్షరములు ఒత్తులతో, గుడులతో తీరుగా నిలిచినవి. పత్రికలు తెరపైకి వచ్చినవి. చుట్టు గుమికూడిన సభ్యులు సంతసించిరి. అందొక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు తమ పింఛను కాగితము నచ్చువేయించుకొన గోరిరి. సభ్యుల చందాలతో రెండు నెలల క్రిందటనే కొన్న లేజరు ప్రింటరు ప్రక్కనే యున్నది; దాని పచ్చదీపము వెలుగుచునే యున్నది; కాగితము మాత్రము కదలలేదు. రెండు గంటలు పెనుగులాడితిమి. తయారుదారు లినక్సునకై యిచ్చిన సాఫ్టువేరు ఏనాటిదో. నేటి సిస్టము దానిని ముట్టనైన ముట్టదు. అమ్మిన దుకాణమునకు ఫోను చేసితిమి. "లినక్సుకి రాదండీ, విండోస్ వేయించుకోండి, అదే సరిపోతుంది" అని సమాధానము. అంతవరకు కుర్చీలో నిదానముగా గూర్చున్న పెద్దాయన అప్పుడు మమ్ము జూచి, "ప్లీడరుగారూ, డబ్బు మనమే ఇచ్చాం, రసీదూ ఉంది. మరి ఇది మన మాట వినదేం?" అని యడిగిరి.

ప్రశ్నలడుగుటయు, ప్రశ్నలకు బదులు చెప్పించుటయు మా వృత్తి. ఇంత సూటియైన ప్రశ్న మాకు న్యాయస్థానమున సైతము అరుదుగా తటస్థించినది. ఆయనకు నాడు మేము చెప్పలేకపోయిన సమాధానమే యీ వ్యాసము.

యంత్రమునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ డ్రైవరు అను చిన్న సాఫ్టువేరు ముక్క యుండును. పేరునుబట్టి బండి తోలువాడని భ్రమపడరాదు, నిజమునకది దుబాసి. సిస్టము చెప్పిన మాటను యంత్రపు భాషలోనికి మార్చి వినిపించును. కొన్ని ప్రింటరులు లోకమునకెల్ల తెలిసిన భాషలను మాటలాడును. పోస్ట్‌స్క్రిప్టు అను పుటవర్ణన భాష 1984లో వెలువడినది. దాని వ్యాకరణము అచ్చుపడి యందరికిని లభించుచున్నది. అట్టి భాష వచ్చిన ప్రింటరుతో నెవ్వరైనను సంభాషింపవచ్చును. ఇటీవల ఐ.పి.పి. ఎవ్రీవేరు అను ప్రమాణమును బట్టి, విడిగా దుబాసి యక్కరయే లేని ప్రింటరులు సైతము బజారున దొరకుచున్నవి. మా పఠనాలయపు ప్రింటరు అట్టిది కాదు. దానికి స్వంతముగా పుట నమర్చుకొను తెలివి లేదు. ప్రతి చుక్కను కంప్యూటరే లెక్కగట్టి, తయారుదారు తన గదిలో గల్పించుకొన్న గుప్తభాషలో దానికి పంపవలెను. అందుచే నది చౌక. ఆ చౌకకు మారుగా మనమేమి పోగొట్టుకొంటిమో బిల్లుమీద వ్రాసియుండదు.

కావున లోపము లినక్సుది కాదు. ప్రింటరునకు చేతకాకయును కాదు. దానితో మాటలాడు భాషను తయారుదారు తన పెట్టెలో బిగించి, ఆ భాష వచ్చిన దుబాసిని ఒక్క కంపెనీవారి సిస్టమునకే పంపినాడు. మిగిలిన లోకము మూగసైగలు చేసికొనవలసినదే!

చిత్రమేమన, ఈ స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమంతయు మొదట నొక ప్రింటరు చెంతనే మొలకెత్తినది. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలకు జిరాక్సు కంపెనీ యొక లేజరు ప్రింటరును దానముగా నిచ్చెను. దానిలో కాగితము తరచు చిక్కుకొనుచుండెను. పూర్వపు ప్రింటరునకు, కాగితము చిక్కిన తోడనే వాడుకరులకు కబురందునట్లు రిచర్డు స్టాల్మను సాఫ్టువేరును దిద్దియుండెను. క్రొత్తదానికిని అట్లే చేయబోగా దాని మూలప్రతి చేజిక్కలేదు. ప్రతి తనయొద్ద నున్న వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుడు, ఎవరికిని ఇయ్యనని ఒడంబడిక వ్రాసినానని చెప్పి నిరాకరించెను. ఆ నిరాకరణమును స్టాల్మను మరువలేదు. 1983 సెప్టెంబరున గ్నూ ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు తన ఇంటెలు 386 యంత్రముపై వ్రాసిన కెర్నెలు దానితో గూడుటచే నేటి గ్నూ/లినక్సు సిద్ధించెను. నలుబదియైదేండ్లు గడచినవి. సిస్టము మనకు దక్కినది. ప్రింటరు మాత్రము నాడెట్లు మొండికెత్తెనో మా పఠనాలయమున నేడట్లే మొండికెత్తినది.

ఇక ప్రతివాదుల సమాధానములను విందము. "లినక్సు వాడువారు కొలదిమంది, వారికొరకు డ్రైవరులు వ్రాయించుట మాకు గిట్టదు" అని మొదటి మాట. ఎవరు వ్రాయుమన్నారు? 2007లో గ్రెగ్ క్రోహార్ట్‌మను అను కెర్నెలు నిపుణుడు లోకములోని కంపెనీలన్నిటిని బాహాటముగా బిలిచి, మీ యంత్రపు వివరములిండు, డ్రైవరును మేమే వ్రాసి యిత్తుము, కాసు అక్కరలేదు, వివరములు రహస్యముగా నుంచవలెనన్న ఒడంబడిక మీదనైనను సంతకము చేయుదుము అని చెప్పెను. వందలకొలది ప్రోగ్రామరులు ఆ పనికి ముందునకు వచ్చిరి. కూలి యడుగని కూలివాండ్రు వాకిట నిలిచియుండగా ఖర్చునకు వెరచితిమనుట ఎట్టి వాదము?

రెండవ మాట రహస్యము. "ఇది మా వ్యాపారమర్మము; చెప్పిన పోటీదారులు దోచుకొందురు." ఇందు తెలిసియో తెలియకయో రెండు సంగతులను కలిపి పిసుకుచున్నారు. మర యెట్లు చేయబడెనో మనమడుగలేదు. ఏ మీట ద్రిప్పిన నేమగునో యడుగుచున్నాము. బియ్యపు మరను గొన్నవాడు ఇనుము కరగించు కిటుకు నడుగునా? అడుగడు. గింజ యెక్కడ పోయవలెనో చెప్పుమనును. ఆ మాత్రము చెప్పినవారెవరైనను చెడిరా? ఏ.టి.ఐ. కంపెనీని 2006లో గొన్న ఏ.ఎం.డి. వారు 2007లో తమ చిత్రసాధనముల వివరపత్రములను వెల్లడించుటకు పూనుకొనిరి. నేడు వారి చిత్రసాధనములు లినక్సుపై చక్కగా నడచుచున్నవి. వారి వ్యాపారము మునుగలేదు. వైఫై చిప్పులు చేయు అథెరాసు 2008లోను, ఏండ్లతరబడి తలుపు మూసికొన్న బ్రాడ్‌కాము 2010లోను స్వేచ్ఛా డ్రైవరులను విడుదల చేసిరి. బ్రాడ్‌కాము తలుపు తెరచులోపల ఉద్యమమువారు ఆ చిప్పుల నడకను చీకటిలో తడవి తడవి కనిపెట్టవలసివచ్చినది. అంత శ్రమ దేనికి? యజమాని యొక చీటిమీద వ్రాసియిచ్చిన నాలుగు దినముల పని.

ఎన్విడియావారి కథ చెప్పకున్న నీ ఘట్టము ముగియదు. ఆ కంపెనీ చిప్పులకై నూవో అను స్వేచ్ఛా డ్రైవరును కార్యకర్తలు ఏ సహాయమును లేక వ్రాసిరి. అది కాస్త నిలదొక్కుకొనుచుండగా, 2014లో వెలువడిన రెండవ తరము మాక్స్‌వెలు చిప్పులనుండి కంపెనీ ముద్రపడిన ఫర్మ్‌వేరు లేనిదే చిప్పు తన పూర్తి వేగము నందుకొనకుండునట్లు కట్టుదిట్టము జరిగెను. సొమ్మిచ్చి కొన్నవాని యంత్రము వాని యింటనే కుంటవలెనన్నమాట! అంతకు రెండేండ్ల ముందే, 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయపు సభలో టోర్వాల్డ్సు తాము వ్యవహరించిన కంపెనీలలో నెల్ల నిదియే అధమమని పలికి, సభ్యపత్రికలో వర్ణింపరాని సంజ్ఞ యొకటి చేసెను. సంజ్ఞను మేము మెచ్చుకొనము, కోపమును మెచ్చుకొందుము. 2022 మే నెలలో ఆ కంపెనీయే తన డ్రైవరులోని కెర్నెలు భాగమును బహిరంగపరచినది. పైభాగము ఇప్పటికిని మూతవేసియే యున్నది. అసలు కార్యములో చాలభాగము ముద్రవేసిన ఫర్మ్‌వేరులోనికి జారుకొన్నది. అయినను పదేండ్లు అసాధ్యమన్నది ఒకనాడు సాధ్యమైనది గదా. అసాధ్యమన్న మాటకు ఇంతకన్న వేరు ప్రమాణమేల?

ఇంకను దిట్టతనమును జూడవలెనన్న కొన్ని థింక్‌ప్యాడు లాప్‌టాపుల చరిత్ర కలదు. వానిలోని వైఫై కార్డును దీసి, లినక్సునకు బాగుగా లొంగు మరియొక కార్డు నమర్చితిమా, యంత్రము అనధికారపు కార్డని తెరపై వ్రాసి మొరాయించును. తయారుదారు జాబితాలోని కార్డులకే ప్రవేశము. కొన్న యింటిలో కుర్చీ మార్చుకొనుటకు పూర్వపు యజమాని యనుమతి కావలెనట!

ఇప్పుడు మా వృత్తికి సంబంధించిన మాట. పొలమును విక్రయించి, ఆ పొలమునకు బోవు త్రోవ తన మిగిలిన భూమిగుండ నున్నందున దానికి కంపవేసిన పెద్దమనుష్యులను మేము చూచినాము. చట్టము వారిని సాగనీయలేదు. 1882 నాటి ఈజుమెంట్ల చట్టపు 13వ సెక్షను, అమ్మబడిన ఆస్తి ననుభవించుటకు అవసరమైన త్రోవ కొన్నవానికి సంక్రమించునని చెప్పుచున్నది. యంత్రము స్థిరాస్తి కాదనియు, ఆ సెక్షను దీనికి వర్తింపదనియు మేమెరుగనివారము కాము. కాని అందలి న్యాయము మన్నుకే గాని లోహమునకు చెల్లదనువా రుండిన ముందునకు రావలెను. ప్రింటరును అమ్మితివి, దానిని జేరు త్రోవను దాచితివి. ఆ యమ్మకము పూర్ణమైనదా?

చట్టము బొత్తిగా మూగదియును కాదు. 1957 నాటి కాపీరైటు చట్టములో, 1999 సవరణము చేర్చిన 52(1)(ఏబీ) ఖండము ననుసరించి, ఒక ప్రోగ్రామును న్యాయముగా గలిగియున్నవాడు, స్వతంత్రముగా వ్రాయబడిన వేరొక ప్రోగ్రాము దానితో గలిసి పనిచేయుటకు అవసరమైన వివరములు మరియొక విధమున సులభముగా దొరకనిచో, వానిని దానినుండి రాబట్టుకొనుట దోషము కాదు. చీకటిలో తడవి డ్రైవరులు వ్రాయువారిని దొంగలనుట చెల్లదని దీనివలన తేలుచున్నది. ఇంతకన్న మనకు దగ్గరిది 1930 నాటి సరకుల విక్రయ చట్టము. దాని 16వ సెక్షను ప్రకారము, తనకే పనికి వస్తువు కావలెనో కొనువాడు ముందు చెప్పి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్న యెడల, వస్తువు ఆ పనికి తగినదై యుండవలెనన్న షరతు ఆ బేరములో నిమిడియుండును. కాని మర్కు పేరుజెప్పి ఫలానిదే యిమ్మని యడిగి కొన్నవాని కీ రక్షణము లేదు. మన మేమి చేయుచున్నాము? దుకాణమునకు బోయి మర్కు పేరు జెప్పి, డబ్బిచ్చి, పెట్టె చంకబెట్టుకొని వచ్చుచున్నాము. ఇంటికి వచ్చిన పిదప లినక్సును జ్ఞప్తికి దెచ్చుకొనుచున్నాము.

వ్యక్తుల సంగతి యిట్లుండ, దొరతనమువారి సంగతి యెట్లున్నది? భారతప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించెను. పరికరముల డ్రైవరులను గూర్చి ప్రత్యేకముగా నొక విధానపత్రము సైతము 2010వ దశకపు తొలిభాగమున కేంద్రపు ఎలక్ట్రానిక్స్ శాఖనుండి వెలువడినది. సర్వోన్నత న్యాయస్థానపు ఈ-కమిటీవారు జిల్లా న్యాయస్థానములకు ఉబుంటు లినక్సునే యేర్పరచిరి. మేము నిత్యము నిలుచు కోర్టుహాలులోని కంప్యూటరు స్వేచ్ఛా సిస్టముతో నడచుచుండగా, ఆ కోర్టు గోడకు జేరబడిన టైపుదుకాణములలో, వకీళ్ల గదులలో లినక్సును ఎరుగని ప్రింటరులే కొలువు దీరియున్నవి! కేరళవారు తమ ప్రభుత్వ పాఠశాలలను లినక్సుకు మరల్చిరి. 2019 నాటికి రెండు లక్షలకు పైబడిన కంప్యూటరులకు ఆ సిస్టమునే నిర్ణయించిరి. లక్షలలెక్కన కొనువాడు లినక్సుపై నడువనిది మాకక్కరలేదన్ననాడు ఏ వర్తకుడు రహస్యమును వల్లించును? మన రెండు తెలుగు రాష్ట్రములందును పాఠశాలలకు, కచ్చేరులకు జరుగు కొనుగోళ్లు స్వల్పములు కావు. టెండరు కాగితములో నొక్క పంక్తి, 'స్వేచ్ఛా డ్రైవరులు గలదై యుండవలెను' అని చేర్చుటకు ఖజానానుండి దమ్మిడీ ఖర్చు కాదు. చేర్పని యధికారి తన కలమునకు సంజాయిషీ చెప్పవలెను.

మా పక్షపు దోషమును దాచము. లినక్సు కొత్తగా పట్టినవాడు వైఫై రాలేదని వచ్చినప్పుడు, చూచి కొనవలసినదని వానినే గద్దించువారు మాలో గలరు. చూచుటెట్లు? వైఫై తునకల పెట్టెపై పేరొకటే యుండును, రెండవ కూర్పులో లోపలి చిప్పు మారిపోవును. చిప్పు పేరు పెట్టెపై నుండదు. నిపుణునికే దొరకని సంగతి తెలియలేదని సామాన్యుని నిందించుట యుద్యమము కాదు, అహంకారము. స్వేచ్ఛా సాఫ్టువేరు ఫౌండేషను మర్యాదముద్ర వేసిన యంత్రములు కొన్ని గలవు. మేము వానిని గౌరవింతుము. కాని యవి మిక్కిలి కొలది, మన బజారున గనబడునవి కావు. ఈ చిక్కుననే 2022 అక్టోబరులో డెబియనువారు ఓటుదీసికొని, మూలము బయటపడని ఫర్మ్‌వేరును సైతము తమ అధికారిక స్థాపనప్రతిలో జేర్చుటకు నిశ్చయించి, 2023లో వెలువడిన 12వ కూర్పున అమలుపరచిరి. ద్రోహమని కొందరు మిత్రులు మాతో వాదించిరి. మేము నొచ్చుకొనుచునే ఆ నిర్ణయమును సమర్థించుచున్నాము. వైఫై లేక మొదటి దినముననే వెనుదిరిగినవాడు రెండవ దినమున మన వాదము వినుటకు రాడు. కాని వర్తకుడు మూసిన తలుపు ప్రక్కని కిటికీలోనుండి మనము దూరుటకును, తలుపు మూయుట న్యాయమనుటకును భేదము కలదు. ఆ భేదమును మరచిననాడు మిత్రుల కోపమే నిజమగును.

ఇక కొనబోవువారికి. "ఇది లినక్సుపై నడచునా?" అని మమ్మడుగుట మానుడు. "దీనిని లినక్సుపై నడువనిత్తువా?" అని అమ్మువానిని అడుగుడు. ఒక పెన్‌డ్రైవుపై లినక్సును ఎక్కించి వెంట గొనిపొండు. యంత్రములో నేదియు స్థాపింపకయే దానినుండి సిస్టము నడచును. దుకాణపు బల్లమీదనే వైఫై, ధ్వని, కెమెరా, మూతవేసి తెరచిన మీదట తెర మేల్కొనుట, అన్నిటిని పరీక్షింపుడు. పావుగంట పట్టును. ఒప్పుకొనని దుకాణము ప్రక్క మరియొక దుకాణ ముండకపోదు. ప్రింటరైనచో పోస్ట్‌స్క్రిప్టుగాని ఐ.పి.పి. ఎవ్రీవేరుగాని గలదా యని మొదట నడుగుడు, చౌక తరువాత. మర్కు పేరెత్తకమునుపే మీ పని చెప్పుడు.

పఠనాలయపు పాత ప్రింటరును దుకాణదారు మొదట తిరిగి తీసికొనననెను. మాటమీద మాట పెరిగి, తుదకు కొంత సొమ్ము తగ్గించుకొని మార్చుటకు సమ్మతించెను. ఆ తగ్గింపు మా తెలివితక్కువకు జుల్మానాయని సంఘమువారు తీర్మానపుస్తకమున వ్రాసికొనిరి. రెండవ ప్రింటరును కొనునపుడు ప్రధానోపాధ్యాయులవారే మాతో వచ్చిరి. పెన్‌డ్రైవుతో నడపిన కంప్యూటరునుండి వారి పింఛను కాగితమే మొదట బయటికి వచ్చినది. సొమ్ము చెల్లించుటకు ముందు బిల్లు వెనుక మేమిట్లు వ్రాసి సంతకము గోరితిమి: "ఈ ప్రింటరు గ్నూ/లినక్సు ఆపరేటింగ్ సిస్టముపై అచ్చువేయుటకు కావలెనని కొనువారు ముందుగా తెలిపినారు. ఆ పనికి తగినదని అమ్మువారు చెప్పిన మాటను నమ్మి కొనుచున్నారు." దుకాణదారు దానిని రెండుమారులు చదివెను, యజమానికి ఫోను చేసెను, సంతకము చేసెను. పాఠకులు దీనిని యథాతథముగా వాడుకొనవచ్చును.